అర్జీ మోసిన వర్తకుడు : గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

(విశాఖపట్టణము, సీతమ్మధారయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)



మన కార్యవర్గమువారు మమ్ము పిలిపించి, “మాస్టారూ, ఈ యేడు సభలో మన కులమున బుట్టిన మహనీయులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను” అని కోరిరి. మేము చిరకాలము పాఠశాలలో శబ్దమంజరియు, రామోదంతమును బోధించి విశ్రాంతి పొందినవారము. పెద్దల యాజ్ఞను కాదనుట మా కలవాటు లేదు. అయినను నేడు మేము చెప్పబోవు మహనీయుడు మన కులమువాడగునా కాదా యను సంగతిని తేల్చుటకు మేము రాలేదు. ఉపన్యాసము ముగియునప్పటికి ఆ ప్రశ్నయే మీకు చిన్నదిగా దోచినచో మా శ్రమ ఫలించినట్లే.

శెట్టి యను మాట సంస్కృతమున శ్రేష్ఠి యను పదమునుండి వచ్చినది. శ్రేష్ఠి యనగా మేలైనవాడు. ధనమున మేలైనవాడా, నడతలో మేలైనవాడా యని నిఘంటువు చెప్పదు. మన దేశమున వర్తకునికి పురపాలనలో స్థానముండుట క్రొత్త సంగతి కాదు. వంగదేశమున దామోదరపురమున దొరకిన తామ్రశాసనములు గుప్తరాజుల కాలమునాటివి, అనగా క్రీస్తుశకము 5వ, 6వ శతాబ్దములకు జెందినవి. అందు విషయాధిపతితో గూడ అధికరణమున గూర్చుండి భూమి విక్రయములను విచారించినవారుగా నగరశ్రేష్ఠి, సార్థవాహుడు, ప్రథమకులికుడు, ప్రథమకాయస్థుడు పేర్కొనబడిరి. వీరిలో మొదటివాడు నగర వర్తకులకు పెద్ద. రెండవవాడు బిడారులను నడుపు వ్యాపారి. మూడవవాడు చేతిపనివారికి ముఖ్యుడు. నాలుగవవాడు లేఖకులకు పెద్ద. మన తెలుగునాట 1244లో కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవునకు వచ్చు నోడవర్తకులకు అభయశాసనము నిచ్చెను. అక్కడ అభయమిచ్చినవాడు రాజు, పొందినవాడు వర్తకుడు. తనకు గాక పరులకు అభయము కోరి రాజద్వారమునకు బోయిన వర్తకుని కథ మనకు వేఱుగా కావలసియున్నది.

ఇంగ్లాండు దేశమున, లండను నగరమునందు, వర్తకులే నగరాధ్యక్షులుగా నుండు ఆచారము మధ్యయుగముననే కలదు. 1381లో నగరాధ్యక్షుడైన విలియం వాల్వర్తు చేపల వర్తకుడు. ఆ వెనుక వచ్చిన జాన్ నార్తాంప్టన్ బట్టల వర్తకుడు. ఇతడు చేపల వర్తకుల గుత్తాధికారమును విఱిచి, బీదలకు చేపలు చౌకగా దొరకునట్లు చేయ బూనెను. అందుచే పెద్ద వర్తకశ్రేణులకు కంటగింపయ్యెను. ఆయన పదవిని గైకొన్నవాడు నికొలస్ బ్రెంబర్ అను సంబారముల వర్తకుడు. 1384లో నార్తాంప్టన్ బంధింపబడి, మొదట మరణశిక్షను, పిదప దాని స్థానమున కారాగారవాసమును బొందెను. నాలుగేండ్లకే, 1388లో, బ్రెంబరు కూడ ప్రాణములు గోల్పోయెను. అంగడి తలుపు తీసి రాజకీయమున నడుగిడిన వర్తకునికి లాభమెంతో నష్టమెంతో ఎవడును ముందుగా లెక్కగట్టజాలడని యీ కథ చెప్పుచున్నది.

ఇట్టి వర్తకుడొకడు తెలుగువారిలో, చెన్నపట్టణమున, 1806లో జన్మించెను. ఆయనయే గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకులు. కుమారుడు తండ్రి వ్యాపారమున బ్రవేశించి, దానిని పెంచి, పట్టణమున బేరుగల స్వదేశ వర్తకులలో నొకడయ్యెను. మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడినది 1857లో. అప్పటి కాయనకు ఏబదియేండ్లు నిండినవి. కాబట్టి పట్టభద్రత యను మాట ఆయన విషయమున బుట్టదు. లోకమే ఆయన పాఠశాల. చిట్టా ఆవర్జాలే ఆయన పుస్తకములు.

ఆ దినములలో చెన్నపట్టణమున ఆంగ్లపత్రిక లన్నియు దాదాపుగా ఆంగ్లేయుల చేతులలో నుండెను. కుంఫిణీ ప్రభుత్వమువారికి ప్రజల మొఱ వినిపించు గొంతు లేదు. 1844లో శెట్టిగారు తన సొంత ధనముతో ‘క్రెసెంటు’ అను నాంగ్లపత్రికను స్థాపించిరి. క్రెసెంటు అనగా చంద్రవంక. సంపాదకునిగా ఎడ్వర్డు హార్లీ అను నాంగ్లేయుని నియమించిరి. హిందువుల స్థితిని బాగుచేయుటయే పత్రిక లక్ష్యమని ప్రకటించిరి. ఒక నీలిమందు వర్తకుడు లాభము రాని సరకును దెలిసి దెలిసి కొట్టులో బెట్టుట యిదియే మొదలు.

ఆ తొలి సంవత్సరములలో ఆయన పోరాటము ముఖ్యముగా మతవిషయమైనది. ట్వీడేలు ప్రభువు గవర్నరుగా నున్న కాలమున మతప్రచారకులకు ప్రభుత్వోద్యోగులు కొందఱు తోడ్పడుచున్నారని ప్రజలలో నలజడి కలిగెను. 1846లో ప్రభుత్వ పాఠశాలయందు బైబిలును పాఠ్యగ్రంథముగా జేయవలెనను ప్రతిపాదన వచ్చినప్పుడు శెట్టిగారును వారి మిత్రులును సభ జరిపి, లండనులోని డైరెక్టర్లకు మహజరు పంపిరి. ప్రభుత్వధనముతో నడుచు పాఠశాలలో ఏ యొక్క మతమును బోధింపరాదనుట న్యాయమైన వాదము. కాని మతము మార్చుకొన్నవానికి పిత్రార్జితమున హక్కు పోరాదని 1850లో వచ్చిన చట్టమును గూడ వీరి పక్షమువారు వ్యతిరేకించిరి. ఈ రెండవ విషయమున మేము శెట్టిగారి పక్షమును వహింపజాలము. మహనీయుని జీవితమును జెప్పునప్పుడు ఆయన తప్పినచోటును గూడ జెప్పనిచో, అది చరిత్ర గాదు, వందిస్తోత్రము.

ఆయన నిజముగా పెద్దవాడైనది 1852లో. కుంఫిణీవారి సన్నదు 1853లో పార్లమెంటువారి పునర్విచారణకు రానుండెను. కలకత్తాలోని బ్రిటిషు ఇండియా సంఘమునకు శాఖగా చెన్నపట్టణమున నొక సంఘము పుట్టి, కొన్ని మాసములలోనే స్వతంత్రమై, మద్రాసు స్వదేశ సంఘమను పేరు దాల్చెను. దానికి ప్రాణము లక్ష్మీనరసు శెట్టిగారు. ఆ సంఘమువారు పార్లమెంటునకు వ్రాసిన అర్జీ యొక కులముయొక్క కోరిక గాదు. భూమిశిస్తు భారము, న్యాయస్థానములలోని విలంబము, బాటలు లేమి, కాలువల మరమ్మతు లేమి, విద్యకై ప్రభుత్వము చేయు వ్యయముయొక్క స్వల్పత్వము అందు వివరింపబడినవి. మఱియు మొతర్ఫా యను పన్నును గూర్చి గట్టిగా వ్రాసిరి. అది మగ్గమునకు, కొలిమికి, అంగడికి, చేతి పనిముట్టునకు వేయు పన్ను. సాలెవాడును, వడ్రంగియు, కంసాలియు, చిల్లర వర్తకుడును దానిక్రింద నలిగిరి.

సంఘము పుట్టిన యేడాదిలోనే చీలిక వచ్చెను. మన సంఘములకు నిది పుట్టువ్యాధి గదా! సి. శ్రీనివాస పిళ్ళగారు మొదలగువారు, మొదట మనలో విద్యయు సాంఘిక సంస్కారమును గావలెననియు, అర్జీలు పిదప జూచుకొనవచ్చుననియు దలచి వేఱు సంఘమును స్థాపించిరి. అది యోగ్యమైన వాదమే. కాని రైతు వీపుమీద దెబ్బ పడుచుండగా, ముందు వాని బిడ్డకు చదువు నేర్పి పిదప దెబ్బ నాపుదమనుట శెట్టిగారికి సమ్మతము గాలేదు.

దెబ్బ యను మాట మేము అలంకారముగా వాడలేదు. ఆ కాలమున శిస్తు వసూలు చేయు అధికారమును, పోలీసు అధికారమును ఒకే తాసీలుదారు చేతిలో నుండెను. శిస్తు చెల్లింపనివానిని ఎండలో నిలువబెట్టుట, అన్నమునకు బోనీయకుండుట, మెడను పాదములకు వంచి త్రాటితో గట్టుట మొదలగు హింసలు గ్రామగ్రామమున జరుగుచుండెను. వ్రేళ్ళను రెండు కఱ్ఱల నడుమ బెట్టి నొక్కు సాధనమొకటి కలదు. దానిని అరవ జిల్లాలలో కిట్టి యనియు, తెలుగు జిల్లాలలో చిరత యనియు ననెడివారు. సోదరులారా, చిరతలు మనకు భజనగోష్ఠిలో తాళము వేయు సాధనము. ఆ పేరే హింసాసాధనమున కెట్లు వచ్చెనో ఆలోచించునప్పుడు, భాషాబోధకులమైన మాకు వ్యుత్పత్తి చెప్పుటకు నోరాడదు.

1853లో డాన్బీ సేమరు అను పార్లమెంటు సభ్యుడు ఇండియాలోని స్థితిగతులను స్వయముగా జూచుటకు వచ్చెను. శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలలో దిరిగి, రైతులచేత వారి నోటనే వారి కష్టములను జెప్పించిరి. ఇది గమనింపదగిన సంగతి. రైతుల పక్షమున తాను మాటలాడుట యొకటి. రైతు మాటలాడుటకు తాను చోటు గల్పించుట మఱియొకటి. శెట్టిగారు రెండవదానిని జేసిరి.

మఱుసటియేడు, 1854లో, పార్లమెంటునందు ఈ విషయము చర్చకు వచ్చెను. అట్టి హింస యున్నదని కుంఫిణీ పక్షమువారు నమ్మ నిష్టపడలేదు. తుదకు మద్రాసు ప్రభుత్వము ఎలియట్, స్టోక్సు, నార్టన్ అను మువ్వురితో విచారణసంఘమును నియమించెను. ఆ సంఘమునకు వచ్చిన ఫిర్యాదులు 1,959. వానిలో 1,440 ఉత్తరముల మూలమున వచ్చినవి. 519 మంది స్వయముగా వచ్చిరి.

ఆ 519 మందిని గూర్చి మేము తఱచుగా దలపోయుచుందుము. దక్షిణదేశమున మొదటి రైలు నడచినది 1856 జూలైలో. అదియు చెన్నపట్టణమునకు బడమరగా, ఆర్కాటు దిక్కునకు. మన విశాఖపట్టణమునుండి చెన్నపట్టణము దాదాపు ఎనిమిదివందల కిలోమీటరులు. విచారణసంఘము కూర్చుండినది చెన్నపట్టణమున మాత్రమే. అదియు మూడు మాసములు మాత్రమే. ఉత్తర జిల్లాల రైతు పొలము విడిచి, దారిబత్తెము మూటగట్టుకొని, గోదావరిని, కృష్ణను, పెన్నను దాటి వచ్చి, తనను గొట్టినవాని పేరు చెప్పి, మరల ఆ కొట్టినవాడున్న యూరికే పోవలయును! ఇట్టి స్థితిలో 519 మంది వచ్చిరనగా, రాలేనివారెందఱో మీరే యూహింపుడు.

1855లో వెలువడిన నివేదిక హింస యున్నమాట నిజమని యొప్పుకొనెను. అట్లు తాము చెప్పినది నిజమని తేలిన పిదప, ఎవరైనను సన్మానసభ చేసికొని యింటికి బోయెడివారు. శెట్టిగారి సంఘమువారు 1856లో పార్లమెంటునకు మరల అర్జీ పెట్టిరి. ఒక్క పట్టణమున మూడు మాసములు కూర్చుండి చేసినది విచారణ గానేకాదనిరి. రైతు కలెక్టరునకు మొఱ పెట్టుకొన్నచో, ఆ కాగితముమీద నొక పంక్తి వ్రాసి దానిని తాసీలుదారునకే పంపుచున్నారనిరి. అనగా ఎవనిమీద ఫిర్యాదో వాని చేతికే ఫిర్యాదు చేరుచున్నదన్నమాట. అర్జీ వ్రాయుట యెఱిగినవారు చాలమంది కలరు. ఆ అర్జీ ఎచ్చటికి బోయి ఎచ్చట నిలిచిపోవుచున్నదో వెంట నడచి చూచినవారు తక్కువ.

ఆ మాటలు వృథా పోలేదు. 1857లో కార్లు మార్క్సు అమెరికాలోని యొక వార్తాపత్రికలో ఈ హింసలను గూర్చి వ్రాయుచు, ఆ నివేదికను, ఈ అర్జీని ఆధారముగా గొనెను. 1858లో కుంఫిణీ పాలన ముగిసెను. 1859లో మద్రాసు రాజధానికి వచ్చిన పోలీసు చట్టము శిస్తుశాఖనుండి పోలీసును విడదీసెను. ఇదంతయు ఒక్క వర్తకుని వలన జరిగినదని చెప్పుట అతిశయోక్తి. పెక్కుచేతులు మోసిన బరువది. కాని ఆ బరువును మొదట భుజమున కెత్తుకొన్నవారిలో నొకడు నీలిమందు వర్తకుని కుమారుడని చెప్పుట సత్యము.

ప్రభుత్వము శెట్టిగారికి సి.యస్.ఐ. బిరుదము నిచ్చెను. 1863లో మద్రాసు శాసనసభకు సభ్యునిగా నియమించెను. బిరుదము వచ్చెను, పదవి వచ్చెను, ధనము మాత్రము పోయెను. పత్రికకు, సంఘమునకు, అర్జీలకు తన సొమ్ము వెచ్చించిన ఆ వర్తకుడు 1868లో బీదవాడై మరణించెను. పత్రిక పేరు చంద్రవంక. దానిని బెట్టినవాని సంపదకు కృష్ణపక్షము. ఆయన పోయిన పిమ్మట 1884లో మద్రాసు మహాజన సభ పుట్టెను. మఱుసటి యేడు కాంగ్రెసు పుట్టెను. 1887లో కాంగ్రెసు మహాసభ చెన్నపట్టణముననే జరిగెను. పంట కోసినవారి పేర్లు మనకు దెలియును. విత్తు చల్లినవాని పేరు మన పాఠ్యపుస్తకములలో ఒక పంక్తికి మించి లేదు.

ఇక మా స్వంత సంగతి యొకటి చెప్పి విన్నపమునకు వత్తుము. మేము ఉద్యోగమున నున్నప్పుడు, ఒక వేసవి సాయంకాలమున, ముసలి రైతొకడు మా వీథి యరుగు మీదికి వచ్చెను. ఆతని పొలము కాగితములలో వేఱొకరి పేర నెక్కినదట. అర్జీ వ్రాసి యిమ్మనెను. మేము కలము మూత దీసి, కాగితము సరిచేసికొని, మొట్టమొదట అడిగిన ప్రశ్న యేది? ఊరు గాదు, సర్వే నెంబరు గాదు. “నీవు ఎవరివాడవు?” అని అడిగితిమి. ఆతడు కొంతసేపు ఊరకుండి, “పొలం గురించి రాయండి బాబూ. నా కులం మీద కాదు కదా అర్జీ” అనెను.

అర్జీ వ్రాసి యిచ్చితిమి. ఆతడు నమస్కరించి పోయెను. మరల మా యింటికి రాలేదు. వ్యాకరణమున వేలకొలది తప్పులు దిద్దినవారము. మా తప్పును దిద్దినవాడు అక్షరము రానివాడు. శెట్టిగారి జీవితమును చదివినప్పుడెల్ల ఆ ముసలివాని మాటయే మా చెవిలో మ్రోగుచుండును.

మహాజనులారా, ఈ మహాసభయందు మన సంఘ భవనము ముందఱి గదిని ఏ కార్యమునకు వినియోగింపవలెనను చర్చ యున్నది. మహనీయుల విగ్రహములు పెట్టవలెనని కొందఱు, వివాహ సంబంధముల కార్యాలయము పెట్టవలెనని కొందఱు చెప్పుచున్నారు. మా విన్నపమిది. వారమున కొక్కదినము, ఆదివారము ఉదయమున, ఆ గది తలుపు దెఱచి యుంచుడు. మనలో విశ్రాంతి పొందిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు ఎందఱో కలరు. వంతుల చొప్పున ఇద్దఱేసి అచ్చట గూర్చుండి, వచ్చినవారికి అర్జీలు వ్రాసి యిత్తుము. పింఛను రాని వితంతువు, రేషను కార్డున పేరు తొలగిన కూలి, భూమి కాగితము తప్పిన రైతు, ఎవరైనను రావచ్చును. 2005 నాటి సమాచారహక్కు చట్టము చేతనుండగా, పంపిన అర్జీ ఏ బల్లమీద నిద్రించుచున్నదో అడుగుటకును నేడు దారి కలదు. ఆ గదిలో అడుగరాని ప్రశ్న యొక్కటియే యుండవలెను. అది యేదియో మీకు మేము చెప్ప నక్కఱలేదు.

“మన చందాలతో గట్టిన గది పరుల కెందుకు?” అని పోషకులలో కొందఱు మాతో అనిరి. వారి మాటలో స్వార్థము లేదు, కష్టార్జితముమీద గల గౌరవమున్నది. వారికి మా సమాధానము రెండు మాటలు. మొదటిది, మన కులస్థులకు మాత్రమే యని పలక వ్రాసిన గదికి మనలోని బీదవాడు రాడు. బంధువుల కన్నుల ముందు చేయి చాపుటకు వానికి సిగ్గు. అందఱకును దెఱచిన తలుపైనచో, అందఱిలో నొకడై వాడును వచ్చును. రెండవది, శెట్టిగారు తన వర్తకమునకు మాత్రమే మేలు కోరి యుండినచో, మొతర్ఫా పన్నును గూర్చి యొక అర్జీ వ్రాసి, ధనవంతుడై మరణించియుండెడివాడు. అప్పుడు ఆయన పేరు ఆయన వంశవృక్షమున మాత్రమే మిగిలియుండెడిది. నేడు నూటయేబది యేండ్లు దాటిన పిమ్మట, సీతమ్మధారలో మనము ఆయన పేరు చెప్పుకొనుచున్నామనగా, అది ఆయన మోసిన పరుల అర్జీల పుణ్యమే.

మేము ధనము నీయజాలము. చేతిలో కలమున్నది, కన్నులకు అద్దములున్నవి, ఆదివారము తీరికయున్నది. ఆ గది తెఱచిన మొదటి యుదయమున మొదటి కుర్చీలో మేము కూర్చుండెదము. రెండవ కుర్చీ ఖాళీగా నుండకుండ జూచు భారము మీది.

సర్వే జనులకు శుభమగుగాక. స్వస్తి.